ఒకే పువ్వు, రెండు వెలుగులు

మాస్టారికి ఎక్కడా కాలు నిలవదు. పైగా ఏ పువ్వునైనా రెండుసార్లు ఫొటో తీయందే తోచదు. ఈ రెండు జబ్బులూ ఒకే మనిషికి రావడంతో నలిగిపోయింది మాత్రం ఆయన భార్య.

ఆ ఏడు ఎడారిలో వాన పడిందని తెలిసి భార్యతో జీపులో అక్కడికి వెళ్లారు. వాన పడితేనే పూసే పూలు, ఉంటే వారం. మాస్టారు అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని తిరుగుతూనే తినేవారు. పువ్వును మామూలుగా ఒక ఫొటో తీసి, తర్వాత లెన్సుకు నల్లద్దం బిగించి, మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతిలో ఇంకోటి, నలుపు తెలుపుల్లో, తీసేవారు. ఆ రెండోదానికి పువ్వు ఎనిమిది సెకన్లు కదలకూడదు. గాలేమో ఆగదు. అందుకని భార్యా, జీపు డ్రైవరూ చెరో కొసా పట్టుకుని దుప్పటి అడ్డం పెట్టాలి.

"కదలకండి," అన్నారు మాస్టారు, పువ్వు చుట్టూ తిరుగుతూ.

"మేం కదలట్లేదండీ. మీరే మా కాళ్లు తొక్కుతున్నారు," అంది ఆవిడ.

"సార్, తుమ్మొస్తోంది," అన్నాడు డ్రైవరు.

"ఎనిమిది లెక్కపెట్టి తుమ్ము."

అతను ఐదుకే తుమ్మాడు. మళ్లీ మొదటికొచ్చింది.

ఇంటికొచ్చాక పుస్తకాలు వేసే ఆయన ఫోన్ చేశాడు. రంగుల బొమ్మలు బ్రహ్మాండం, నలుపూ తెలుపూవి తీసేస్తే వెంటనే వేస్తానన్నాడు.

"రెండూ పక్కపక్కన ఉంటేనే," అని మాస్టారు ఫోన్ పెట్టేశారు.

ఆవిడకి ఒళ్లు మండింది. "ఇరవయ్యేళ్లు దుప్పటి పట్టాను. ఆ బూడిద బొమ్మలు ఎవరిక్కావాలండీ?"

ఆయన ఫొటోల కవరు తీసుకుని, ఎప్పటిలాగే వాళ్లక్కగారింటికి బయల్దేరారు. ఈసారి ఆవిడా వెంటపడింది.

అక్కగారికి పుట్టుకతోనే రంగులు తెలియవు, అంతా నలుపూ తెలుపే. చిన్నప్పుడు ఆకాశానికి ఆకుపచ్చ వేసి బడంతటికీ నవ్వులాట అయిన మనిషి. మొదటి ఫొటో కళ్లదగ్గర పెట్టుకుని, "ఇదేం రంగురా?" అంది.

"పసుపక్కా. ఒట్టి పసుపు, అంతే."

రెండోది చూసి ఆగింది. "మధ్యలో నల్లటి చక్రం ఉందే. నిజంగా ఉందా?"

"ఉంది. తేనెటీగకి కనిపిస్తుంది. మనుషులెవరికీ కనపడదు."

"నీకూ?"

"నాకూ."

అక్కగారు మరదలివైపు తిరిగింది. "నీకూ కనపడలేదా అమ్మాయ్?"

"పువ్వు పక్కనే ఉన్నాను వదినా. కనపడలేదు," అంది ఆవిడ. ఆ ఫొటో మళ్లీ చూసి భర్తతో, మెల్లగా, "ఆ పుస్తకాలాయనతో నేను మాట్లాడతాలెండి. రెండూ వేయాల్సిందే," అంది.

అక్కగారు ఇద్దర్నీ ఎంతో జాలిగా చూసింది.

"పాపం," అంది. "ఇలా రండి. ఆ చక్రం ఎలా ఉందో నేను చెప్తాను."