చెరువు గట్టు మీది ఆదివారాలు

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగినప్పుడు, పక్కనే నిలిచిన లారీలోంచి తవుడు వాసన గుప్పున కిటికీలోకి వచ్చింది. వెచ్చగా, కాస్త ముక్కిపోయినట్టు, కాస్త తియ్యగా ఉండే ఆ వాసన నన్ను మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లను చేసి నాన్న మోటారుసైకిల్ మీద కూర్చోబెట్టింది.

అప్పటికి అమ్మా నాన్నా విడిపోయి ఏడాది. అమ్మ బెజవాడలో బట్టల షాపులో పనిచేస్తూ ఒక్క గదిలో అద్దెకుండేది. నేను జంక్షన్‌లో నాన్న దగ్గర, నాయనమ్మ దగ్గర. నేనెవరి దగ్గర పెరగాలో తేలేదాకా, ప్రతి ఆదివారం అమ్మ వచ్చి నన్ను చూసి వెళ్లవచ్చని కోర్టువారు చెప్పారట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా, ఆదివారం తెల్లవారగానే నాన్న నన్ను కొల్లేటి వైపున్న మా చేపల చెరువులకు తీసుకెళ్తాడని.

చలికాలంలో నీళ్లమీద పొగలా లేచే మంచు, గట్టున ఆరబెట్టిన వలల నీచు వాసన, తవుడు నింపి నీళ్లలో వేలాడదీసిన సంచుల చుట్టూ మూగే చేపలు, వేసవిలో బొటనవేలితో తోడుకు తినే ముంజలు, కాపలా ఉండే మంగమ్మ కట్టెల పొయ్యి మీద వండిన బొచ్చె చేప పులుసు. నీటికాకులు వాలితే తోలడానికి నాన్న నా చేతికొక రేకు డబ్బా, కర్ర ఇచ్చేవాడు. నేను వాయిస్తుంటే పక్షులన్నీ ఒక్కసారిగా లేచేవి, నాన్న పగలబడి నవ్వేవాడు.

సాయంత్రం ఇంటికి రాగానే అడిగేదాన్ని, "అమ్మ వచ్చిందా?"

"రాలేదే తల్లీ. మీ అమ్మకి అక్కడేం పనులో!" అనేది నాయనమ్మ, చేటలో బియ్యం వంక చూస్తూ.

కొన్నాళ్లకు అడగడం మానేశాను. బళ్లో ఎవరి అమ్మ క్యారేజీ తెచ్చినా తల తిప్పుకునేదాన్ని.

ఒకరోజు జడ్జిగారు అందరినీ తన గదిలోకి పిలిపించారు. ఆవిడ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ నిన్ను చూడ్డానికి వస్తుందామ్మా?" అని అడిగారు.

"రాదండి," అన్నాను.

అమ్మ ఏడవలేదు. సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి బల్లమీద పెట్టింది. పేజీకొక ఆదివారం చొప్పున జంక్షన్ బస్సు టికెట్టు అంటించి ఉంది. అక్షరాలు వెలిసిపోతాయని ఒక్కోదానికీ జిరాక్సు కూడా తీయించింది. జడ్జిగారు పేజీలు తిప్పి, మళ్లీ నావైపు చూశారు.

"ఆదివారాలు నువ్వెక్కడుంటావు?"

"చెరువు దగ్గరండి. ప్రతి ఆదివారం నాన్న తీసుకెళ్తారండి," అన్నాను గొప్పగా.

నాన్న తల దించుకున్నాడు. ఏదో తప్పు చెప్పానని మాత్రం నాకు తెలిసింది.

నన్ను అమ్మతో పంపమన్నారు. బెజవాడ బస్సులో చాలా దూరం పోయాక అమ్మ అంది, "తలుపుకి తాళం ఉండేది. మీ నాయనమ్మ కూడా ఎటో వెళ్లిపోయేది. మధ్యాహ్నం బస్సు దాకా మీ అరుగు మీదే కూర్చునేదాన్నే."

నా కోసం అన్ని ఆదివారాలు సెలవు పెట్టిన అమ్మకు, ఆ తర్వాత ఏ ఆదివారమూ సెలవు దొరకలేదు. గది తాళంచెవి మెళ్లో వేసుకుని, కింద వీధిలో ఆటోల మోత వింటూ ఒక్కదాన్నే అన్నం తినేదాన్ని. కోర్టు చెప్పిన రోజుల్లో నాన్న కొన్ని నెలలు వచ్చాడు. తర్వాత రాలేదు.

నిరుడు కళ్ల పరీక్షకని బెజవాడ వచ్చి, నాన్నే ఫోన్ చేశాడు. బెంజ్ సర్కిల్ దగ్గర కాఫీ తాగుతూ అడిగేశాను, "నన్ను అమ్మకి కనపడకుండా దాచడానికేనా నాన్నా చెరువుకి తీసుకెళ్లింది?"

గ్లాసు కింద పెట్టాడు. "మొదట్లో అందుకేనమ్మా. తర్వాత్తర్వాత నువ్వు లేకపోతే నాకే తోచేది కాదు."

ఆ చెరువులు పూడ్చి ప్లాట్లు వేశారు. మంగమ్మ పోయింది. నాన్న చెప్పిన మాట నేను అమ్మకు చెప్పలేదు. ఆమె మా అరుగు మీద ఎండలో కూర్చున్న ఆ పూటల్లోనే నేను ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నానని ఎలా చెప్పను?