మూడో మిషన్ దగ్గర సృజన

మంగళవారం మధ్యాహ్నం, తిన్న కంచాలు కడగకముందే, సృజన ఆ వారంలో ఇరవై రెండోసారి అరెస్టయింది. టీవీ తెర బూడిద రంగుకు తిరిగింది. ఇద్దరు పోలీసులు ఆమె ఆడిస్తున్న మనిషిని కారులోంచి గుంజి బానెట్ మీద బోర్లా పడేశారు. కింద 'మళ్లీ ప్రయత్నించు' అన్న మాట మెరుస్తోంది. సృజన చేతిలోని కంట్రోలర్‌ను మంచం మీదికి విసిరింది. అది జారి నేల మీద పడబోతుంటే తనే ఉరికి పట్టుకుంది. పగిలితే ఇంకోటి రియాద్ నుంచి రావాలి.

పెద్దపల్లి నుంచి సుల్తానాబాద్ పోయే రోడ్డు మీద, రెండు రైస్ మిల్లుల నడుమ ఉన్న ఊరు అది. సృజనకు ఇరవై ఐదేళ్లు. కరీంనగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లల చేతిలో కూడా ఒక్క పోటుతో నరం దొరికించుకుంటుందని కాలేజీలో పేరు. స్కూటీ మీద పెద్దపల్లి పోతే, రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్రలైటు దగ్గర ఆగుతుంది. అలాంటి మనిషిని ఈ ఆట గ్యారేజీ తాళం పగలగొట్టమంటుంది, ఎవరిదో కారు ఎత్తుకపొమ్మంటుంది, పోలీసులకు దొరకకుండా ఓడరేవు షెడ్డు దాకా చేర్చమంటుంది. ఇది మూడో మిషన్. మొదటి రెండూ ఎలాగో గట్టెక్కింది. మూడోది కూడా దాటితేనే ఇద్దరు మనుషులు కలిసి ఆడుకునే నగరం తలుపు తీస్తుంది. ఆ నగరంలో ఆమె భర్త సాగర్ ఉంటాడు. శుక్రవారం లోపల ఆమె అక్కడికి చేరాలి.

మొగుడితో మాట్లాడడానికి ఇంత తిప్పలెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ ఇంటి ఫోన్ ముచ్చట తెలియనివాళ్లే అలా అడుగుతారు. సాగర్ రియాద్‌లో ఏసీలు బిగించే పనిలో ఉన్నాడు. సెలవు శుక్రవారం ఒక్కటే; మిగతా రోజులు ఫోన్ ఎత్తినా పని మధ్యలో అర నిమిషమే మాట్లాడతాడు. ఆ రోజు వీడియో కాల్ రాగానే సృజన అత్త భూమవ్వ ఫోన్‌ను బియ్యం బస్తా మీద చెంబుకు ఆనించి పెడుతుంది. పక్కింటి యాదవ్వ పిలవకుండానే వస్తుంది. "కొడుకా, బక్కగైనవురా" అని ఒకరు, "మావోని పాస్‌పోర్ట్ సంగతి జర అడుగు" అని ఒకరు. అవతల రియాద్‌లో, సాగర్ ఉండే గదిలో ఎనిమిది మంది మంచాల మీద పండుకొని చెవులు నిక్కించుకుని ఉంటారు. సృజన వంతు వచ్చేసరికి "తిన్నవా?" "తిన్న" అనే రెండు మాటలు మిగులుతాయి.

మెసేజ్ పెట్టడం కూడా చేసింది. కోర్సు చివరి పరీక్షలు రాస్తానని పెళ్లయిన కొత్తలో సాగర్‌కు రాసింది. అతను బొటనవేలు బొమ్మ పంపాడు. ఆ శుక్రవారం కాల్‌లో అందరి ముందు, "అవ్వా, సృజన పరీచ్ఛలు రాస్తదట, నువ్వేమంటవు?" అని అడిగాడు. సృజన పరీక్షలైతే రాసింది గానీ, భూమవ్వ వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్ ల్యాబ్ నుంచి పిలుపు వచ్చింది. పొద్దున ఆరింటికి డ్యూటీ. ఆ వేళకు ఇక్కడి నుంచి బస్సు అందదు కాబట్టి అక్కడే గది తీసుకోవాలి, ఆదివారం ఇంటికి రావాలి. శనివారం పొద్దుటికల్లా జవాబు చెప్పమన్నారు. అత్త చెవిన పడకముందే సాగర్‌తో ఊ అనిపించుకోవాలి. నిరుడు సెలవులో తన పాత గేమ్ డబ్బా ఇంట్లో పెట్టి పోతూ సాగర్ అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది: "ఆటల హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నువ్వు, నేను. మూడోవాడు లేడు."

తీరా ఆమె నేర్చుకుంటానంటే అతను పొంగిపోయాడు. సలహాలు మొదలయ్యాయి. సోమవారం ఒక్కరోజే పద్నాలుగు వాయిస్ మెసేజ్‌లు, ఒక్కోదానికి నంబరు కూడా చెబుతూ. నాలుగో నంబరు: పైసలు రాంగనే బట్టలు కొనకు, ముందుగాల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ కొను. ఏడో నంబరు: మిషన్‌కు పోయేముందు ఊరంత ఓ చక్కర్ కొట్టు, గల్లీలు ఎరుకుంటయి. పదకొండో నంబరు: పోలీసులు ఎక్కువైతే హెలికాప్టర్ ఎక్కు.

"నాకు హెలికాప్టర్ యాడికెళ్లొస్తది?" అని సృజన తిరిగి మెసేజ్ పెట్టింది.

"అది పదిహేనో మిషన్‌ల ఇస్తరు," అని జవాబు.

ఆ ఆటను మూడుసార్లు చివరిదాకా ఆడిన మనిషి అతను. ఈత వచ్చినవాడు బావి ఒడ్డున నిలబడి దుంకు దుంకు అంటాడు గానీ, నీళ్లు ముక్కులోకి పోతే ఏం చేయాలో చెప్పడు. సృజనకు అర్థంకాని సంగతి ఒక్కటే. గ్యారేజీ నుంచి కారు బయటికి తీయగానే ఎదురుగా వచ్చే ప్రతి బండీ ఆమెకే ఎందుకు తగులుతోంది? బండి తగలగానే తెర మూలన నక్షత్రం వెలుగుతుంది. ఒక నక్షత్రమంటే ఒక పోలీసు కారు. మూడు వెలిగాయంటే ఊరంతా వెనకపడ్డట్టే.

మంగళవారం ఇరవై మూడోసారి మొదలుపెట్టినప్పుడు, బర్రెకు కుడితి పెట్టి వచ్చిన భూమవ్వ గడపలో నిలబడింది. అరవై దాటిన మనిషి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ తెర వైపు కాసేపు చూసింది.

"ఎవ్వల కారే అది?"

"ఎవల్దో, అత్తమ్మా."

"అడిగి తీస్కున్నవా?"

"ఆట అత్తమ్మా ఇది. అడుగుడు లేదు."

"ఆహా. గిదేనా నా కొడుకు నేర్పిచ్చే చదువు?" భూమవ్వ మంచం పట్టె మీద కూర్చుంది. సృజనకు ఒళ్లు మండింది. పక్కన ఒకరు కూర్చుంటే ఆమెకు చేతులు ఆడవు. కారు మూల తిరగగానే ఒక లారీ మీదికి వచ్చింది. నక్షత్రం. వెనకే ఒక బస్సు. ఇంకో నక్షత్రం.

"అందరు నీకే ఎందుకే ఎదురస్తున్నరు?" అంది భూమవ్వ. "వాళ్లు తప్పా, నువ్వు తప్పా?"

సృజన ఆట ఆపి తెరను చూసింది. బండ్లన్నీ రోడ్డుకు కుడివైపున పోతున్నాయి. తానొక్కతే పెద్దపల్లిలో స్కూటీ నడిపినట్టు ఎడమ పక్కన పోతోంది. ఇరవై రెండు అరెస్టులు!

వెంటనే సాగర్‌కు ఫోన్ చేసింది. అతను ఏదో మేడ మీద ఏసీ పట్టుకుని ఉన్నాడు.

"కుడి దిక్కు నడపాలని ఎందుకు చెప్పలే?"

"అది సుత చెప్పాల్నా?" సాగర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆరేళ్లుగా అతను చూసే రోడ్లన్నీ కుడివైపువే. "మరి ఇన్నొద్దులు ఎట్ల నడిపినవు?"

సృజన ఫోన్ పెట్టేసింది. పెట్టకపోతే ఏమనేదో ఆమెకే తెలియదు.

బుధవారం నాటికి బండ్లు తగలడం తగ్గింది. అయినా గ్యారేజీ తాళం పగిలినందుకు రెండు నక్షత్రాలు ఎలాగూ వెంటపడతాయి. అవి ఆరిపోతేనే షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. సృజన యాక్సిలరేటర్ వదలకుండా పెద్ద రోడ్డు పట్టి పరుగెత్తించేది. ముందు నుంచి ఇంకో రెండు కార్లు వచ్చి అడ్డం పడేవి. సాగర్ పదహారో నంబరు మెసేజ్ వచ్చింది: స్పీడ్ తగ్గియ్యకు. పదిహేడో నంబరు: మూలల కాడ స్పీడ్ తగ్గియ్యి.

గురువారం మధ్యాహ్నం భూమవ్వ అన్నం తిన్న చేయి కడుక్కుని తిన్నగా వచ్చి అదే చోట కూర్చుంది. ఈసారి ఎవ్వల కారని అడగలేదు. రెండు అరెస్టులు చూసింది. మూడోసారి నక్షత్రాలు వెలగగానే నోరు విప్పింది.

"ఎందుకే గట్ల ఉరుకుతవు?"

"పోలీసులు వెంటవడ్డరు కద అత్తమ్మా!"

"ఉరికితెనే వెంటవడ్తరు. గా వంతెన కిందికి దించు. దించవే! దించి బండి బందు వెట్టు."

విసుగుతో, పోతే పోయిందన్నట్టు, సృజన కారును వంతెన కిందికి దింపి ఆపేసింది. పైన సైరన్లు ఇటు పోయాయి, అటు వచ్చాయి. ఆమె వేలు మళ్లీ బటన్ మీదికి పోయింది. భూమవ్వ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"కదిలినవంటే సూడు. ఊపిరి వట్టు."

తెర మూలన నక్షత్రాలు టపటపా కొట్టుకున్నాయి. ఒకటి ఆరింది. కాసేపటికి రెండోది ఆరింది.

"నీకెట్ల తెలుసు అత్తమ్మా?"

భూమవ్వ తెర మీది నుంచి చూపు తీయలేదు. "సాగర్ పుట్టిన యేడు కరువు. మీ మామ బొంబాయిల ఉండె. ఊర్ల అందరు గుడుంబ కాసిన్రు, నేను సుత రెండు కుండలు కాసిన. ఎక్సైజోళ్ల జీపు చప్పుడు ఇనంగనే ఉరికినోళ్లందరు దొరికిన్రు. నేను కుండ వట్టుకోని కాలువ మోరి కింద కూసున్న. పొద్దుమూకే దాక కూసున్న." అని ఆగి, "వానికి చెప్పకు. పానం తింటడు," అంది.

సృజన కారును నెమ్మదిగా, వెనక గల్లీల్లోంచి, కుడివైపునే నడుపుకుంటూ షెడ్డులో పెట్టింది. తెర నిండా బంగారు అక్షరాలు వచ్చాయి. పద్దెనిమిది మెసేజ్‌లు పంపినవాడు ఈ ఒక్క సంగతి చెప్పలేదు.

శుక్రవారం రెండున్నరకు మహిళా సంఘం మీటింగ్ ఉంది. భూమవ్వ ఎప్పుడూ తప్పదు. సృజన ఆ వేళే చూసుకుని సాగర్‌ను ఆటలోకి రమ్మంది. హెడ్‌ఫోన్ సర్దుకుని డబ్బా ఆన్ చేసేసరికి మంచం పట్టె కిర్రుమంది.

"అత్తమ్మా, మీటింగ్ లేదా?"

"మీటింగ్ వచ్చే వారం సుత ఉంటది. నువ్వు ఆడు."

సృజన పళ్లు కొరుక్కుంది. నగరం తెరుచుకుంది. సముద్రం పక్క రోడ్డు మీద పసుపు చొక్కా వేసుకుని సాగర్ మనిషి నిలబడి ఉన్నాడు. చేయి ఊపాడు. అతని గొంతు హెడ్‌ఫోన్‌లో వస్తోంది, టీవీలోంచి కూడా అంతే గట్టిగా వస్తోంది. అది ఆపే సెట్టింగ్ ఎక్కడుందో ఆమెకు దొరకలేదు.

"వచ్చినవా! ఇగో, ముందుగాల నా వెనక కూసో. బ్యాంకు కాడ కెమెరాలుంటయి. నువ్వు ఎడమ దిక్కు—"

"జర ఆగు. నీతో ఓ ముచ్చట చెప్పాలె."

"చెప్తువు గని, ముందుగాల జాకెట్ కొన్నవా?"

"ఆగుమన్న కద!"

సృజన అత్త వైపు చూసింది. దాచే చోటు లేదు, రేపు పొద్దుటికి గడువు. హాస్పిటల్, ఆరింటి డ్యూటీ, గది, ఆదివారాలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నడిరోడ్డు మీద సాగర్ మనిషి అలాగే నిలబడిపోయాడు. వెనక నుంచి ఒక లారీ వచ్చి అతన్ని కొట్టుకుని పోయింది.

"అవ్వనడుగు," అంది నేల మీద పడ్డ పసుపు చొక్కా.

"అవ్వ ఈన్నే ఉన్నదిరా," అంది భూమవ్వ గట్టిగా. తర్వాత కోడలి వైపు తిరిగింది. "నాలుగు దినాల సంది పక్కపొంటి కూసున్న. నాకు చెప్పనీకె నోరు రాలే. సముద్రాలు దాటి రియాద్ దాక పోయి చెప్తున్నవు."

సృజన హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆరింటికి బస్సు దొరకదు, నిజమే," అని భూమవ్వ తనలో తాను అనుకున్నట్టు అంది. "బర్రెను నేను సూసుకుంట. సూసుకోక ఎవలు సూసుకుంటరు?" మళ్లీ తెర వైపు తిరిగింది. "గీ డబ్బ నీ ఎంట తీస్కపోతవా?"

"లేదు అత్తమ్మా."

"అయితె పో. పోయేముందు నీ చేతిలున్నదాన్ని ఎట్ల వట్టుకోవాల్నో సూపియ్యి."

సాగర్ ఏదో అనబోయాడు. తల్లీ, పెళ్లామూ ఇద్దరూ ఒకేసారి ఆగుమన్నారు.

శనివారం సృజన హాస్పిటల్‌కు ఫోన్ చేసి వస్తున్నానంది. తర్వాతి బుధవారం కరీంనగర్‌లో, బారెడు వరుసలో నిలబడ్డ రోగులకు రక్తం తీస్తుండగా జేబులో ఫోన్ మూడుసార్లు మోగింది. నాలుగోసారి చెవి, భుజం మధ్య ఇరికించి ఎత్తింది.

"ఓ పిల్లా! కారు సముద్రంల వడ్డది. ఎట్ల ఎల్లాలె?"

"మూల కాడ బ్రేక్ కొట్టాలె అత్తమ్మా."

"ఏది బ్రేక్?"

"చూపుడు వేలి కింద ఉంటది. మొన్న చెప్పిన కద!"

"చెప్పినవు, చెప్పినవు. నీకు వచ్చు గనుక వచ్చినట్టే చెప్తవు. నీకన్న నా కొడుకే నయం," అని భూమవ్వ ఫోన్ పెట్టేసింది.

సూది పట్టుకున్న సృజన ఎదుట కూర్చున్న ముసలాయన చేయి చాపి ఆమె ముఖంలోకి చూస్తూ అడిగాడు: "ఇంట్ల అందరు మంచిగున్నరా బిడ్డా?"

"మంచిగనే ఉన్నరు తాతా. పిడికిలి వట్టు," అంది సృజన, అనవసరమైనంత గట్టిగా.