లచ్చన్నతో ఒప్పించిన తప్పు

ఈ బరువు మోయబట్టి ఏండ్లయింది. నా భార్యకు చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, ఆయనకు తెలిసే ఉంటుంది కదా అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది ఆదిలాబాద్ వైపు ఊరు. లచ్చన్న మా పత్తి చేను పాలుకు చేసేవాడు. పెట్టుబడి నాది, కష్టం అతనిది, పంట చెరిసగం. వాగు అవతలి ముక్కలో కంది సాళ్ల మధ్య గంజాయి విత్తనాలు చల్లింది మాత్రం నేనే. పత్తి వరసగా ముంచింది, దళారి ఒకడు ఆశ పెట్టాడు. ఇది సాకేనని నాకూ తెలుసు. అడవి పందులకు కరెంటు తీగ పెట్టానని అబద్ధమాడి, అటు పోవద్దని లచ్చన్నకు చెప్పాను. పాపం, నమ్మాడు.

పోలీసులు వచ్చిన పొద్దున చేనులో ఉన్నది అతనే. పట్టుకుపోయారు. పట్టా నా పేరున ఉన్నా, సాగు అతనిదేనని చెప్పి నేను బయటపడ్డాను.

వకీలును పెట్టింది కూడా నేనే. మంచివాడిననిపించుకోవాలి కదా! ఆయన నన్ను పక్కకు పిలిచి, ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దని చెప్పు, ఒప్పుకుంటే శిక్ష తప్పదు, అప్పీలుకూ దారి ఉండదు అన్నాడు. అసలు విత్తిందెవరో సాక్షులనే అడుగుదాం అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. విచారణ జరిగితే నా పేరు వస్తుంది.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పంచాయితీలో పెద్దమనుషుల ముందు చేతులు జోడించి తప్పైందంటే కట్టాల్సిన దండుగ సగానికి సగం తగ్గుతుంది. ఎదురు వాదించినవాడికే పూర్తి దండుగ. మా బాపు చేసిన పంచాయితీలన్నీ లచ్చన్న చూసినవే. నేను ఆ నమ్మకాన్నే వాడుకున్నాను. జైలుకు ములాఖత్‌కు పోయి, జాలీ అవతల నిలబడ్డ అతనితో అన్నాను:

“కోర్టు గూడ మన పంచాయితీ లెక్కనే లచ్చన్నా. తప్పైందని ఒప్పుకో. పత్తి ఏరే యాళ్లకు ఇంట్ల ఉంటవ్.”

“గవి నేను పెట్టలే గద పటేలా?”

“నాకెర్క లేదా? వాదులాడితే ఏండ్లకేండ్లు లోపల్నే ఉంచుతరు. ఎవరన్న చెప్పమన్నరా అని జడ్జి అడుగుతడు. ఎవ్వరు చెప్పలేదను.”

“నువ్వు చెప్పినంక ఇంకేంది పటేలా. గట్లనే అంట.”

అట్లే అన్నాడు. జడ్జి గారు ఆలోచించుకొమ్మన్నారు. వకీలు అడ్డం పడబోయాడు. లచ్చన్న ఒకసారి నా వైపు చూసి, చేతులు జోడించి, తప్పైంది దొరా అన్నాడు. పదేండ్లు పడింది. శిక్ష చదువుతుంటే అతనికి అర్థం కాలేదు, ఇక ఇంటికి పోవచ్చా అన్నట్టు మళ్లీ నన్నే చూశాడు. నేను తెల్లబోయినట్టు నటించాను. ఆ నటన ఎక్కడ నేర్చుకున్నాను నేను?

ఆ మొక్కలు ఎవరివని అతను నన్ను ఇంతవరకూ అడగలేదు. తెలియకనా? తెలిసేనా? పంచాయితీలో ఎవరైనా తప్పైందని చేతులు జోడిస్తే చాలు, నాకు లచ్చన్న ముఖమే కనబడుతుంది. లేచి బయటికి వచ్చేస్తాను. బీపీ అనుకుంటారు అందరూ.

ఇప్పుడు జైలుకు వచ్చే ఒక వకీలమ్మ అప్పీలు వేసింది. ఒప్పుకున్న కేసులో శిక్ష ఎక్కువైందని అడగవచ్చు గానీ, నేరమే చేయలేదంటే వినరట. ఎవరో మోసం చేసి ఒప్పించారని చూపిస్తేనే దారి. ఎవరు చెప్పారని ఆమె ఎంత అడిగినా లచ్చన్న నోరు విప్పడం లేదు. ఈ సంగతి నాకు చెప్పింది అతని భార్య పోశవ్వ. మొన్న మా వాకిట్లో నిలబడి అన్నది:

“నువ్వు మా మంచికే చెప్పినవ్ పటేలా. నీ పేరు తియ్యద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నడు. నువ్వేం ఫికర్ జెయ్యకు.”

ఫికర్ చేయవద్దని ఆమె నాకు చెప్పింది. నేను సరేనని తలూపాను. సిగ్గు లేని తల.

వకీలమ్మకు ఇంకా ఫోన్ చేయలేదు. చేస్తానని మీకు మాట ఇవ్వను. నా మాట నమ్మినవాడు ఎక్కడున్నాడో చూశారుగా. మొక్కలు నావి. ఒప్పుకొమ్మన్నది నేను. రెండూ మొదటిసారి రాశాను. ఇది రాశాక ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. ఈ తేలిక కూడా లచ్చన్నకు దక్కాల్సిందే, నేనే తీసుకుంటున్నాను.