జహూర్ పెట్టిన ట్రిప్పర్

తాండూరులో కరెంటు పని చేసే జహూర్‌కు నోటి దురుసు ఎక్కువ. పనికి పిలిచిన ఇంటివాళ్లనే తిడతాడు. స్విచ్ బోర్డు మీద తడి తువ్వాలు వేలాడితే తిడతాడు. ప్లగ్గు లేకుండా వైరు కొనలను అగ్గిపుల్లలతో సాకెట్‌లోకి గుచ్చితే తిడతాడు. నా కుట్టుమిషన్‌కు మోటారు బిగించిన రోజు నన్నూ వదల్లేదు. ఒళ్లు మండింది కానీ ఏం చేస్తాం, పని పక్కాగా చేస్తాడు. మా వాడకట్టులో ఫ్యాను ఆగితే అతన్నే పిలుస్తాం.

మా పక్కింటి ఎంకయ్య బండల పాలిష్‌లో పని చేస్తాడు. కిందటి వానాకాలం జహూర్ పోట్లాడి మరీ వాళ్లింట్లో మీటరు పక్కన ట్రిప్పర్ అనే చిన్న డబ్బా పెట్టాడు.

"వైరుల పోయిన కరెంటు పోయినంత వాపస్ రావాలె. నడుమ మనిషి ఒంట్లకెల్లి భూమిలకు జారిందనుకో, గిది పట్టుకొని టక్కున బంద్ చేస్తది," అని చెప్పాడు. ఎంకయ్య తలూపాడు. ఆయన దేనికైనా తలూపుతాడు.

ఈ మధ్య రోజూ పొద్దున్నే ఆ ట్రిప్పర్ మీట పడిపోవడం మొదలైంది. ఎంకయ్య టీ గ్లాసుతో టీవీ ముందు కూర్చోగానే కరెంటు పోయేది. "జహూర్ భాయ్ గీ ఖరాబ్ డబ్బా అంటగట్టిండు!" అని వాకిట్లో నిలబడి అరిచేవాడు. ఆ అరుపులతో మాకు ప్రాణం విసిగిపోయింది. ఆయన భార్య శాంతవ్వది ఇంకో గోడు. బట్టలు ఆరేసేటప్పుడు చేతులు ఝుమ్మని గుంజుతున్నాయట. నరాల జబ్బేనని తనే తేల్చుకుని పరిగి దాకా పోయి మాత్రలు తెచ్చుకుంది. చేతులు గుంజడం, కరెంటు పోవడం ఒకే సమయంలో జరుగుతున్నాయని ఆ మొగుడూ పెళ్లాలకు తోచనే లేదు.

జహూర్‌కు ఫోన్ చేస్తే ఇవాళ వస్తా, రేపు వస్తా అన్నాడు. ఎంకయ్యకు ఓపిక పోయింది. ఒక సాయంత్రం తనే ట్రిప్పర్ విప్పేసి, వైర్లు నేరుగా కలిపి టేపు చుట్టేశాడు.

మర్నాడు పొద్దున జహూర్ రానే వచ్చాడు. ఎవరు ఎవరిని తిడతారో చూద్దామని నేనూ వెళ్లాను.

"ట్రిప్పర్ ఏది?"

"పీకేసిన. ఇప్పుడు టీవీ మంచిగ నడుస్తుంది," అన్నాడు ఎంకయ్య గొప్పగా.

"ఎప్పుడు పడుతుండె అది?"

"పొద్దుగాల. శాంతవ్వ బట్టలు ఆరేసే యాళ్లకు..."

జహూర్ మిగతా మాట వినలేదు. శాంతవ్వ అప్పటికే వెనక వాకిట్లో బకెట్టు దించి, తడి చీర పిండి చేతిలోకి తీసుకుంది.

"అక్కా, ముట్టకు! దండెం ముట్టకు!" అని కేక పెడుతూ మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు. శాంతవ్వ చీర పట్టుకుని దండేనికి అడుగు దూరంలో ఆగిపోయింది.

దండెం ఇనుప తీగ. బాత్రూంకు వైరు లాగడానికి వేరే మేకులెందుకని ఎంకయ్య దాన్ని ఆ తీగకే చుట్టి తీసుకుపోయాడు. మా వాడకట్టులో సగం ఇళ్లలో అదే తెలివి. గాలికి రాసుకుని రాసుకుని వైరు పైతొడుగు చిరిగింది. లోపలి రాగి తీగ ఇనుముకు తగులుతోంది.

"చూడు, కండ్లు పెట్టి చూడు!" అని జహూర్ ఎంకయ్య మీద పడ్డాడు. "అక్క తడి బండల మీద ఒట్టి కాళ్లతోని నిలబడి గీ తీగ ముట్టంగనే ట్రిప్పర్ పడ్డది. రోజూ గిదే! అది పడకపోతే నీ టీవీ నడుస్తుండె. అక్క ఉండకపోతుండె!"

శాంతవ్వ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అయితే నాకు నరాల బీమారి లేదా?" అంది.

"ఇయ్యాల నేనే నిన్ను సంపుకుంటుంటి గదనే," అంటూ ఎంకయ్య తడి బండల మీద కూలబడి, మేమందరం చూస్తుండగానే భోరున ఏడ్చాడు. జహూర్ తిట్టడం ఆపేశాడు.