ఇరవై లామినేషన్ కాగితాలు

చింతామణి బస్టాండు వెనక అమరేషన్న డీటీపీ అంగడిలో నేను టైపు చేస్తాను. తొమ్మిదిలో బడి మానేసిన నాకు పని నేర్పింది ఆయనే. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు కొట్టే ఆ అంగడికి 2006లో మొట్టమొదటి వెబ్‌సైటు పని దొరికింది. ఇచ్చింది బోర్లు వేసే బండ్ల యజమాని వెంకటరమణప్ప.

అన్న పనిచేసే తీరు వేరు. కంప్యూటరు ముట్టుకోకముందే ఒక్కో పేజీని కాగితం మీద గీసి గోడకు గుండుసూదులతో గుచ్చేవాడు. ఎక్కడ నొక్కితే ఎక్కడికి పోతుందో తెలిసేట్లు, పూలు కట్టే దారాన్ని ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి లాగేవాడు. ముడులు వేసేది నేను.

"ఇది వెబ్‌సైటా, పూలంగడా?" అన్నాడు వెంకటరమణప్ప.

"వెబ్‌సైటే అప్పా. ఈడ నొక్కితే ఆడికి పోతాది."

"నేను నొక్కితే నీ గోడే పడిపోతాది!"

నవ్వుతూనే ప్రతి కాగితం కింద సంతకం పెట్టినాడు. ఆరు వారాలు, ఆరు పేజీలు. సంతకం పడిన పేజీని ఒకరిని అడగకుండా ఇంకొకరు మార్చకూడదు. అది అన్న పెట్టిన నియమమే.

మొదటి పేజీ ఫోటో కోసం దిబ్బూరహళ్ళి దగ్గర వెంకటరమణప్ప బండి బోరు వేస్తున్న పిళ్ళప్ప మల్బరీ తోటకు పోయినాము. కెమెరా తడవకుండా నేను గొడుగు పట్టినాను. తొమ్మిది వందల అడుగుల లోతు నుంచి బురదనీళ్ళు ఎగజిమ్మినాయి. పిళ్ళప్ప తలగుడ్డ పారేసి, వాటి కింద నిలబడి, పళ్ళు లేని నోటితో నవ్వినాడు. ఆ ఫోటో కింద 'నీళ్ళు మా పూచీ' అని పెట్టినాము.

సైటు తెరిచిన వారం వెంకటరమణప్ప వచ్చినాడు. అన్న బాగేపల్లికి పోయి ఉన్నాడు.

"పల్లెల్లో ఇంటర్నెట్టు యాడుండాది పాపా? ఈ పిళ్ళప్ప బొమ్మ ఉండే పేజీవి ఇరవై లామినేషన్ చేసియ్యి. నీళ్ళు పడినా చెడకూడదు."

అంచులు బాగా నొక్కి చేసిచ్చినాను. అన్నతో చెప్పాలని తోచలేదు.

మూడు నెలలకు పిళ్ళప్ప భార్య హనుమక్క వచ్చింది. నుదుట బొట్టు లేదు. బోరు నలభై దినాలకే ఎండిందంట. ఆకు లేక పట్టుపురుగులు చచ్చినాయి. పిళ్ళప్ప అదే తోటలో ప్రాణం తీసుకున్నాడు.

"ఆయప్ప బొమ్మ తీసేయప్పా," అంది. "దాన్ని చూసి మొన్న బట్లహళ్ళి మునియప్ప నీళ్ళెట్లుండాయని అడిగేదానికి వచ్చినాడు. ఆయనంటే వచ్చి అడిగినాడు. అడగకుండా బోరు వేయిస్తాండే వాళ్ళు ఎంతమందో!"

నాకు ఆ ఇరవై గుర్తుకొచ్చినాయి. అన్నకు చెప్పకుండా పెళ్ళి పత్రిక టైపు చేస్తా కూర్చున్నాను.

అన్న ఫోన్ చేస్తే వెంకటరమణప్ప ఒప్పుకోలేదు. "ఆ పొద్దు నీళ్ళు పడలేదా? అబద్ధమేముండాదిరా దాంట్లో?"

ఎనిమిది దినాలు అన్న ఆ సంతకాన్ని చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిదో దినం తన నియమం తానే తప్పి ఫోటో తీసేసినాడు. వెంకటరమణప్ప పని వేరేవాళ్ళకు ఇచ్చేసినాడు. ఆ పొద్దుటికి సైటును చూసినవాళ్ళ లెక్క నలభై ఒకటి. సగం మేమే.

నెలకు హనుమక్క మళ్ళీ వచ్చింది.

"తీసేసినానంటివే అప్పా?"

సంచిలోనుంచి తీసింది. తళతళలాడే కాగితంలో పిళ్ళప్ప నవ్వుతున్నాడు.

"బట్లహళ్ళి ఆదినారాయణప్ప ఇంట్లో ఉండాదని మునియప్ప తెచ్చిచ్చినాడు. ఆవులమ్మి బోరేసినాడంట. పన్నెండు నూర్ల అడుగులకూ ఒట్టి రాతిపొడి. గోడవైపు తిరిగి పండుకున్నాడంట, పలకడు. మా ఆయనా అట్లనే ఉన్నాడు, నాలుగు దినాలు."

అన్న నావైపు చూసినాడు.

"ఇరవై చేసిచ్చినానన్నా," అన్నాను.

ఆయన తిట్టలేదు. అట్లనే లేచిపోయి బట్లహళ్ళి బస్సెక్కినాడు. పోయేసరికి ఆదినారాయణప్ప ఇంటి ముందర చావు నిప్పు పెట్టి ఉన్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం అన్న ఆ కాగితాల కోసం పల్లెలు తిరుగుతాడు. వెబ్‌సైటు పని మళ్ళీ పట్టలేదు. ఆ కాగితాల్లో పదకొండు దొరికినాయి. చేత్తో చించితే చినగవు, నేనే కత్తెరతో కోస్తాను. ఇంకా తొమ్మిది ఎవరెవరి ఇండ్లలోనో ఉన్నాయి. నీళ్ళు పడినా చెడవు.