కమిటీకి నేను చెప్పిన జవాబు

ఆ రోజుల్లో నాకు కుళ్ళు బాగా ఉండేది. ఇప్పుడు లేదని కాదు, బీపీతో పాటు అదీ కొంచెం అదుపులో ఉండాది, అంతే. నేనూ ఇంకొకామె ఒకే రోజు ఒకే ఆఫీసులో కొత్తగా ఉద్యోగానికి చేరినాము. రైతులకు డ్రిప్ పైపులు ఇప్పించే పని మాది. ఆమెది తనకల్లు అనే ఊరు కాబట్టి అందరూ తనకల్లామె అనేవాళ్ళు (నాకు మాత్రం ఎవరూ ఏ పేరూ పెట్టలేదు, అదొక మంట). స్కూటీ వేసుకోని పొద్దున్నే పొలాల మీద పడేది. నేను ఫ్యాను కింద కూర్చోని ఫైళ్ళు చక్కగా సర్దేవాణ్ణి. అయినా రైతులొచ్చి, "ఆయమ్మ యాడికి పోయిందప్పా?" అని నన్నే అడిగేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది.

అట్లాంటప్పుడు పార్లమెంటు కమిటీ వస్తాండాదని కబురొచ్చింది. ఈ డ్రిప్ పథకానికి పెట్టిన ఖర్చు పనికొచ్చిందా లేదా అని చూసేదానికి అన్ని పార్టీల ఎంపీలూ కలిసి వస్తారంట. వాళ్ళ ముందర కూర్చోని జవాబులు చెప్పేది మా ఆఫీసు నుంచి ఒక్కరే. పెద్దసారు తనకల్లామె పేరు రాసినాడు. నాకు అన్నం దిగలేదు. పోయి సారుతో, "ఆమెకు తిరగడమే తెలుసు సార్, పెద్దోళ్ళ ముందర మాట్లాడేది చేతకాదు" అని చెప్పినా. పచ్చి అబద్ధం. సారు ఆమె పేరు కొట్టేసి నాది రాసినాడు. ఆమె తన నోటుబుక్కు తెచ్చి నా టేబులు మీద పెట్టి, "చదువుకో అన్నా, అన్ని పొలాల సంగతీ ఉండాది" అనింది. తెరిస్తే ఒట్టు! ఆమె పుస్తకం చూసి నేను మాట్లాడాల్నా?

ఆ రోజు రానే వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకోని ఎంపీల ఎదురుగా కూర్చున్నా. అధ్యక్షురాలు కన్నడసీమ ముసలామె, మన మాట బాగా వచ్చు. "ఇచ్చిన పైపులన్నీ వాడుకలో ఉండాయా?" అని అడిగింది. "అన్నీ ఉండాయి తల్లీ!" అని గొంతెత్తి చెప్పినా. వెనక మా ఆఫీసోళ్ళతో కూర్చున్న తనకల్లామె దగ్గింది. కుళ్ళుకుంటాందిలే అని లోపల్లోపల సంబరపడినా. "అయితే పదప్పా, చూద్దాం" అని ముసలామె లేచింది.

మొదటి పొలంలో పైపుల మీద చీరలు ఆరతాండాయి. రెండో పొలంలో మేకల దొడ్డికి పైపులతో దడి కట్టినారు. ఎవరు ఏ పార్టీ అయినా, అప్పుడు మాత్రం అందరూ కలిసి నన్నే చూసినారు. "ఏమప్పా, ఇదేనా వాడుక?" అనింది ముసలామె. నేను ఆ పొలం రైతు వైపు చూసినా. "బోరు ఎండిపాయ తల్లీ, నీళ్ళు లేని పైపు ఏం చేసుకుందును?" అన్నాడు రైతు. అప్పుడు తనకల్లామె ముందుకొచ్చింది. "పైపులిచ్చే ముందు బోర్లో నీళ్ళుండాయా అని మా దరఖాస్తు ఫారంలో యాడా అడగరమ్మా. తప్పు ఈ అన్నది కాదు" అనింది. నన్ను కాపాడతాంటే కూడా నాకు కుళ్ళే! ముసలామె తలాడించి ఆ మాట రాయించుకునింది కదా, అందుకు.

కొన్నాళ్ళకు కమిటీ రిపోర్టు పార్లమెంటులో పెట్టినారు. తనకల్లామె మాట అందులో ఒక సిఫారసై, నిండు పేరాగ్రాఫు అయింది. కమిటీ లెక్కలో నేను సాక్షిని; నా మాటా ఉండాది లెండి, ఒక్క లైను: "సాక్షి చెప్పిన జవాబుతో కమిటీ తృప్తి చెందలేదు."

ఆమె ఇప్పుడు నాకంటే పెద్ద అధికారి. మా ఫారంలో ఒక కొత్త గడి చేరింది, బోరులో నీళ్ళున్నాయా అని. అది ఆమె పెట్టించిన గడి. దాని దగ్గరికి పెన్ను పోయినప్పుడల్లా ఇప్పటికీ నాకు కడుపులో సన్నగా మండుతుంది. కానీ పొలానికి పోయి, మోటారు వేయించి, నీళ్ళు దోసిట్లో పట్టి చూడకుండా ఆ గడి ఒక్కసారీ నింపలేదు.