కడిగిన కుర్చీ

2019లో సింగపూర్‌లో, పాయా లేబర్ పేటలోని ఒక అప్‌హోల్‌స్టరీ వర్క్‌షాప్‌లో పనిచేస్తున్నాను. పాత కుర్చీలకు, సోఫాలకు లోపలి దిండూ పైగుడ్డా బాగుచేయడం మా పని. నాలుగు రోజులు తలుపులు మూస్తే బూజు పట్టే ఈ ఊళ్లో పనికి కొదవ లేదు. సంతోషమే తక్కువ. పాత కుర్చీ మా దగ్గరికి వచ్చిందంటే చాలాసార్లు అందులో కూర్చునే మనిషి పోయినట్టే.

బెడోక్ నుంచి మూర్తి అంకుల్ తెచ్చిన కుర్చీ ఒకప్పుడు ఇంగ్లండ్ పల్లెసీమలో ఏదో జమీందారీ భవనం కోసం చేసినది. సీటు కింద కర్రమీద ఆ భవనం ముద్ర ఇంకా ఉంది. ఇక్కడి నుంచి వెళ్లిపోతున్న ఒక దొరల కుటుంబం దగ్గర కొన్నారట. తుంటి నొప్పితో బాధపడే ఆయన భార్య, ఆంటీ, ఎత్తుగా ఉన్న దాని చేతులు పట్టుకుని ఒకరి సాయం లేకుండా లేచేవారు. ఆమె పోయి నెల కూడా కాలేదు.

ఆయన వెంట ఆంటీ అక్కగారు కూడా వచ్చారు. కర్మలకని రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దావిడ.

"పోయినవాళ్ల పడకా కుర్చీ ఇంట్లో ఉంచకూడదు మరిదిగారూ. ఎవరికైనా ఇచ్చేయండి."

"అన్నీ ఇచ్చేశాను వదినగారూ. ఇదొక్కటీ నా వల్ల కాదు," అని అంకుల్ నా వైపు తిరిగారు. "పైన క్లాత్ మార్చేస్తే సరిపోదా బాబూ?"

విప్పి చూశాను. లోపల హార్స్‌హెయిర్, అంటే గుర్రపు వెంట్రుకలు. పాతకాలం సీట్లకు అదే దిండు. నిండా బూజు. తీసి పారేసి ఫోమ్ పెట్టడం సులువు. కానీ ఆ వెంట్రుకల్నే కడిగి, ఆరబెట్టి, చిక్కు విడదీసి మళ్లీ నింపవచ్చు. ఆ మాటే చెప్పాను.

పెద్దావిడ ఒప్పుకున్నారు. "నీళ్లలో కడిగాక ఇంక మైలేముంటుంది. అలాగే చెయ్యి నాయనా."

అంకుల్ కళ్లు తుడుచుకున్నారు. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. పాతదాన్ని వీలైనంత పోనివ్వకూడదన్నది మా వృత్తిలో నియమం. ఆచారంతో పాటు అదీ నిలిచింది.

కుర్చీ సిద్ధమయ్యాక అంకుల్ ఒక్కరే వచ్చారు. కూర్చున్నారు. సీటు మీద చెయ్యి వేసి తడిమి చూశారు.

"ఎత్తయిపోయిందేంటి?"

"కడిగితే పొంగుతుంది అంకుల్. అదే వెంట్రుక. వేరేదేం కలపలేదు."

"ఆవిడ ఎడం పక్కకి ఒరిగి కూర్చునేది. అక్కడ గుంట ఉండాలి."

ఉండేది. విప్పేటప్పుడు చూశాను. మా లెక్కలో గుంట అంటే లోపం. అది తీసేసి సీటు సమం చేసినందుకే అందరూ మమ్మల్ని మెచ్చుకుంటారు. ఆ సంగతి ఆయనకు ఎలా చెప్పను?

"మైల పోయింది బాబూ," అన్నారు అంకుల్ లేస్తూ. "దాంతోపాటే ఆవిడా పోయింది."

ఇప్పుడు ఏ సీటైనా విప్పే ముందు, గుంట ఎవరిదని అడుగుతున్నాను. కడిగితే అది మళ్లీ రాదని ముందే చెబుతున్నాను. అయినా కడగమనేవాళ్లే ఎక్కువ. కొందరు మాత్రం బూజుతోనే ఇంటికి తీసుకెళ్లిపోతారు. వాళ్లకు నచ్చజెప్పడం మానేశాను.